ఇంటి హార్మోన్ మానిటర్లు: సంతాన చికిత్సలో ఎక్కడిదాకా నమ్మొచ్చు?

మూత్రంలో ముంచే పుల్ల, దాని మీది గీతల్ని చదివే చిన్న యంత్రం, వచ్చిన అంకెను గ్రాఫుగా చూపే యాప్. ఇంటి హార్మోన్ మానిటర్ అంటే ఇంతే. మీరా, ఇనీటో, క్లియర్‌బ్లూ ఫెర్టిలిటీ మానిటర్ అనేవి ఈ వరసలో ఎక్కువగా వినబడే పేర్లు. మందులేవీ వాడకుండా గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకి ఏ రోజులు అనుకూలమో చెప్పడానికి పుట్టిన సరుకు ఇది. కానీ కొంటున్నవాళ్లలో గుడ్డు ఎదగడానికి లెట్రోజోల్ మాత్రలు మింగుతున్నవాళ్లు, ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలో పెట్టడం) తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ఐవీఎఫ్ (గుడ్లు బయటికి తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేయడం) ఇంజెక్షన్ల మధ్యలో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఈ రివ్యూ వాళ్ల కోసం.

ముందే చెప్పేస్తున్నాం. సైకిల్, అంటే నెలసరి చక్రం, ఎంత సహజంగా నడుస్తుంటే ఈ యంత్రం అంత పనికొస్తుంది. మందులు పగ్గాలు పట్టుకునేకొద్దీ దీని మాటకి విలువ పడిపోతుంది. గుడ్డు విడుదలకు సిద్ధం కావడానికి వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడ్డాక దాదాపు సున్నా.

మూడింటిలో ఏది?

క్లియర్‌బ్లూ రెండింటినే చూస్తుంది: గుడ్డు విడుదలకు ముందు ఒక్కసారిగా పెరిగే ఎల్‌హెచ్, గుడ్డు ఎదిగేకొద్దీ పెరిగే ఈస్ట్రోజన్ తాలూకు ఈ3జీ. అంకెలు చూపించదు. తక్కువ, ఎక్కువ, శిఖరం అని మూడు మెట్లు, అంతే. సైకిల్ 21 రోజుల కంటే చిన్నదైనా, 42 రోజుల కంటే పెద్దదైనా ఇది పనికిరాదు. దీంట్లో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఒక్కసారి శిఖరం గుర్తు వచ్చిందంటే మర్నాడు ఏ కొలతా లేకుండా తనంతట తానే మళ్లీ శిఖరం అని చూపిస్తుంది. రెండో రోజు కూడా ఎల్‌హెచ్ ఎక్కువగానే ఉందని క్లినిక్‌లో చెప్పారంటే, యంత్రం ఊహను పరీక్ష ఫలితంగా అప్పజెప్పినట్టే.

మీరాకి చదివే యంత్రం విడిగా ఉంటుంది. పుల్లల్లో రకాలున్నాయి కాబట్టి ఏ పుల్ల ఏ హార్మోన్‌ని చూస్తుందో పెట్టె మీద చదివి మరీ కొనాలి. ఇనీటో ఫోన్‌కి తగిలించుకునే పరికరం. ఒకే పుల్ల మీద ఈ3జీ, ఎల్‌హెచ్, పీడీజీ (గుడ్డు విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టరాన్ తాలూకు), ఎఫ్‌ఎస్‌హెచ్ (గుడ్లను పెంచే హార్మోన్) నాలుగూ చూసి 10 నిమిషాల్లో చెబుతుంది. ఫోన్ కెమెరాతో చదువుతుంది కాబట్టి మీ మోడల్ దాని జాబితాలో ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. సైకిల్ మధ్యలో ఫోన్ మారిస్తే అదో తలనొప్పి.

చికిత్సలో ఉన్నవాళ్లకి అంకె చూపించేదే మేలు. పీసీఓఎస్ (అండం విడుదల క్రమం తప్పే హార్మోన్ సమస్య) ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ మామూలు రోజుల్లోనే ఎత్తులో ఉండొచ్చు. అలాంటప్పుడు అవును, కాదు అని మాత్రమే చెప్పే పుల్ల రోజూ అవుననే అంటుంది. అంకె కనబడితే, రోజూ 12, 14, 13 ఉన్నది ఒక్కసారిగా 40 అయిందా అన్నది చూడొచ్చు. అసలు ఎల్‌హెచ్ ఎంత ఉందన్నదాని కంటే ఆమె మామూలు మట్టం మీద ఎన్ని రెట్లు పెరిగిందన్నదే అసలు కబురు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. హార్మోన్‌కి ఒక్క రోజు అంకె చాలదు.

మూత్రం అంకె, రక్తం అంకె ఒకటి కావు

ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి. రక్త పరీక్షలో చూసేది ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం), మిల్లీలీటరుకి పికోగ్రాముల్లో. మూత్రంలో కనబడేది దాన్ని కాలేయం మార్చి బయటికి పంపిన ఈ3జీ, నానోగ్రాముల్లో. అలాగే ప్రొజెస్టరాన్ రక్తంలో నానోగ్రాముల్లో ఉంటే, దాని వ్యర్థమైన పీడీజీ మూత్రంలో మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ల్యాబ్‌లో ఎస్ట్రడయోల్ 350, యంత్రంలో ఈ3జీ 120 వచ్చాయని కంగారు పడాల్సింది లేదు. ఒకదాన్నించి రెండోదానికి మార్చే సూత్రం ఏదీ లేదు. ఎల్‌హెచ్‌కి మాత్రం రెండు చోట్లా యూనిట్ పేరు ఒకటే కావడంతో అది మరీ మోసం చేస్తుంది. పేరు ఒకటే అయినా అంకెలు కలవవు.

పైగా మూత్రం రక్తానికి కొన్ని గంటలు వెనకబడి నడుస్తుంది. రాత్రంతా పోగైనదాని సగటు అది. ఆ సగటే ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. గుడ్డు విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అలలుగా వస్తుంది. ఒకే రోజులో కొన్ని గంటల తేడాతో రక్తం తీస్తే అంకె రెట్లలో మారిపోతుంది. రక్తం పడ్డ ఘడియ చెడ్డదైతే మంచి సైకిల్ కూడా చెడ్డదిగా కనబడుతుంది. ఉదయం మొదటి మూత్రంలోని పీడీజీ రాత్రంతటి లెక్క కాబట్టి అంతగా ఊగదు. ఈ ఒక్క విషయంలో ఇంటి పుల్లకే మా ఓటు. పీడీజీ మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాముల గీతను దాటిందా అన్నది అండం విడుదలకు మామూలుగా చూసే గుర్తు.

మూత్రంలో ఎల్‌హెచ్ చూసి చికిత్స నడపడం నామోషీ పనేం కాదు. 1978 జులై 25న పుట్టిన మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీ బ్రౌన్ వెనక ఉన్నది ఇంజెక్షన్లు లేని సహజ సైకిలే. గుడ్డు తీసే సమయాన్ని డాక్టర్ స్టెప్టో, శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ బృందం పట్టుకున్నది తల్లి మూత్రంలోని ఎల్‌హెచ్‌ను కొన్ని గంటలకోసారి కొలిచే. తేడా ఏంటంటే వాళ్లు రాత్రీ పగలూ కొలిచారు. మన యంత్రం రోజుకి ఒక్కసారి అడుగుతుంది.

ఎలా వాడితే అంకె నిలుస్తుంది

ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రం శుభ్రమైన పొడి కప్పులో పట్టాలి. ధార కింద నేరుగా పుల్ల పెడితే కొంచెం ఎక్కువో తక్కువో పడుతుంది. అవును, కాదు అని చెప్పే పుల్లకైతే ఫర్వాలేదు, అంకె చెప్పే పుల్లకి అది తప్పు. ఎన్ని సెకన్లు ముంచాలో ఆ కంపెనీ చెప్పినన్నే ముంచాలి: ఇనీటోకి 15, మీరాకి 20. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మనసులో లెక్కపెట్టొద్దు. గీటు దాటి ముంచకూడదు. తీసినదాన్ని బల్లపరుపుగా పెట్టాలి. రేకు సంచీ వాడే నిమిషంలోనే చింపాలి. చెమ్మ తగిలిన పుల్ల మీద ద్రవం సరిగ్గా పాకదు. ఎండలో గానీ, స్నానాల గదిలో గానీ పెట్టె ఉంచొద్దు.

ఎల్‌హెచ్‌కి ఒక మెలిక ఉంది. పెరుగుదల రక్తంలో తరచుగా తెల్లవారుజామున మొదలవుతుంది, మూత్రంలోకి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఉదయం మాత్రమే చూస్తే ఒక పూట ఆలస్యం, పెరుగుదల పొట్టిదైతే అసలే దొరకదు. అందుకని ఈ3జీ ఎక్కడం మొదలైన రోజు నుంచి ఉదయం యంత్రంతో, మధ్యాహ్నం మామూలు ఎల్‌హెచ్ పుల్లతో చూడటం మంచి పద్ధతి. మధ్యాహ్నం పరీక్షకి ముందు నాలుగు గంటలు మూత్రం పోయకుండా, నీళ్లు పెద్దగా తాగకుండా ఉండాలి.

నీళ్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు తాగిన మర్నాడు మూత్రం పలచబడి అన్ని అంకెలూ పడిపోతాయి. గుర్తుపట్టడం తేలికే. ఈ3జీ, ఎల్‌హెచ్, పీడీజీ మూడూ ఒకే రోజున ఒకే పాళ్లలో తగ్గితే అది నీళ్ల పని. ఒక్కటే తగ్గి మిగతావి నిలబడితేనే హార్మోన్ కదిలినట్టు. యాప్ ఈ తేడా చెప్పకపోయినా పచ్చగా, గాఢంగా ఉందా, నీళ్లలా ఉందా అని ఆ రోజు మూత్రం రంగు పక్కన రాసిపెట్టుకుంటే వారం తర్వాత గ్రాఫు చూసుకునేటప్పుడు కలిసొస్తుంది.

మందులు పుల్లను ఎలా బోల్తా కొట్టిస్తాయి

క్లోమిఫీన్ (గుడ్డు ఎదగడానికి ఇచ్చే ఇంకో మందు): మాత్రలు వేసుకుంటున్న రోజుల్లోనూ, ఆపిన వెంటనేనూ ఎల్‌హెచ్ ఎత్తుగా కనబడొచ్చు. చివరి మాత్ర తర్వాత మూడు రోజులు ఆగి పరీక్ష మొదలుపెట్టాలి. ఒకటి కంటే ఎక్కువ ఫాలికల్స్ (గుడ్డు పెరిగే సంచులు) పెరిగితే ఈ3జీ కూడా త్వరగా ఎక్కేస్తుంది. మెట్లలో చూపే మానిటర్ వారం రోజులు "ఎక్కువ" అనే చూపిస్తూ కూర్చుంటుంది.

లెట్రోజోల్ దీనికి తలకిందులు. శరీరంలో ఈస్ట్రోజన్ తయారీనే తగ్గించే మందు కాబట్టి ఫాలికల్ చక్కగా పెరుగుతున్నా ఈ3జీ గీత నేలబారుగా ఉంటుంది. ఇది చూసి మందు పనిచేయట్లేదని అనుకునేవాళ్లు బోలెడు. ఫాలిక్యులర్ స్కాన్‌లో 18 మిల్లీమీటర్ల ఫాలికల్ కనబడుతుంటే ఈ3జీ తక్కువున్నా దిగులు అక్కర్లేదు. ఇక్కడ ఎల్‌హెచ్ ఒక్కదాన్నే చూడాలి.

గుడ్లు పెంచడానికి వేసే హెచ్‌ఎంజీ ఇంజెక్షన్లలోనే ఎల్‌హెచ్ లాంటి ప్రభావం ఉంటుంది, అది చాలావరకు హెచ్‌సీజీ (గర్భం వచ్చాక పుట్టే హార్మోన్) నుంచే వస్తుంది. కాబట్టి పుల్ల చూసేది మీ హార్మోనో, మందో తెలియదు. సెట్రోరెలిక్స్, గానిరెలిక్స్ లాంటి యాంటగనిస్ట్ ఇంజెక్షన్లు వేసేదే ఎల్‌హెచ్ పెరగకుండా ఆపడానికి. ఆ రోజుల్లో పుల్ల మీద ఎల్‌హెచ్ వెతకడం తాళం వేసిన ఇంటి తలుపు కొట్టడమే.

ట్రిగ్గర్ దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. 250 మైక్రోగ్రాముల రీకాంబినెంట్ మందైనా, 5,000 నుంచి 10,000 యూనిట్ల మామూలు హెచ్‌సీజీ అయినా, ఎల్‌హెచ్‌కి దగ్గరి పోలిక ఉన్న అణువు అది. చాలా పుల్లలు రెండింటినీ వేరు చేయలేవు. ట్రిగ్గర్ మర్నాడు యాప్ సంబరంగా ఎల్‌హెచ్ శిఖరం చూపిస్తే దాన్ని పట్టించుకోవద్దు. గర్భ పరీక్ష పుల్ల కూడా ఈ మందుకే రెండు గీతలు చూపిస్తుంది. అది శరీరం నుంచి పోవడానికి 10 నుంచి 14 రోజులు పట్టొచ్చు.

ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ బదులు అగనిస్ట్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు కథ వేరు. అది మీ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచే నిజమైన ఎల్‌హెచ్‌ను బయటికి తోస్తుంది. 12 గంటల తర్వాత పుల్ల గట్టిగా పాజిటివ్ చూపాలి. చూపకపోతే ఇంజెక్షన్ సరిగా పడలేదేమో, పిట్యూటరీ స్పందించలేదేమో అన్న అనుమానంతో వెంటనే క్లినిక్‌కి ఫోన్ చేయాలి. వాళ్లు రక్తంలో ఎల్‌హెచ్ చూస్తారు, 15 కంటే తక్కువుంటే విఫలమైందని లెక్క వేసేవాళ్లు ఎక్కువ. గుడ్లు తీసేది ట్రిగ్గర్ తర్వాత 34 నుంచి 36 గంటలకి కాబట్టి తప్పు దిద్దుకోవడానికి ఇంకా సమయం మిగిలే ఉంటుంది. ఇంజెక్షన్లతో నడిచే ఐవీఎఫ్ మొత్తంలో ఇంటి పుల్ల నిజంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే అనొచ్చు. దీనికి యంత్రం కూడా అక్కర్లేదు, మామూలు ఎల్‌హెచ్ పుల్ల చాలు.

ప్రొజెస్టరాన్ మందులు మొదలయ్యాక పీడీజీ గీత చూసి యాప్ "అండం విడుదలైంది" అని ధ్రువీకరణ ఇచ్చేస్తుంది. మందులతో నడిపే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ (ఫ్రీజ్ చేసి దాచిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) సైకిల్‌లో అసలు అండమే విడుదల కాదు! ప్రొజెస్టరాన్ లాంటి డైడ్రోజెస్టరాన్ మాత్రలదేమో ఇంకో దారి. అది పీడీజీగా మారదు, రక్తంలో ప్రొజెస్టరాన్ పరీక్షకీ దొరకదు. అంకె తక్కువొచ్చిందని డోసు తమంతట తాము పెంచుకోవడం ఇక్కడ జరిగే తప్పు.

మందులేవీ లేకపోయినా ఒక హెచ్చరిక. పీడీజీ పెరిగిందంటే ఫాలికల్ ప్రొజెస్టరాన్ తయారు చేస్తోందని అర్థం, పగిలి గుడ్డు బయటపడిందని కాదు. పగలకుండానే గట్టిపడి ప్రొజెస్టరాన్ వదిలే ఫాలికల్స్ ఉంటాయి. ఆ తేడా చెప్పగలిగేది స్కాన్ ఒక్కటే.

రక్త పరీక్షకి ప్రత్యామ్నాయమా?

కాదు. ఇంజెక్షన్ల రోజుల్లో ల్యాబ్‌కి ఉదయాన్నే రమ్మనేది అదే సాయంత్రం డోసు మార్చడానికి. పండిన ఒక్కో ఫాలికల్‌కి ఎస్ట్రడయోల్ సుమారు 200 నుంచి 300 పికోగ్రాములు ఉంటుందని అంచనా వేసి, స్కాన్‌లో కనబడిన సంఖ్యతో పోల్చి చూస్తారు. ఫాలికల్స్ పది ఉండి ఎస్ట్రడయోల్ 600 వస్తే ఒక అర్థం, 5,000 వస్తే అండాశయాలు వాచే ప్రమాదం దృష్ట్యా ఇంకో అర్థం. ట్రిగ్గర్ రోజు ప్రొజెస్టరాన్ 1.5 నానోగ్రాములు దాటితే తాజా ట్రాన్స్‌ఫర్ ఆపి పిండాలన్నీ ఫ్రీజ్ చేసే క్లినిక్‌లు చాలా. ఈ నిర్ణయాలు ఈ3జీ గ్రాఫు మీద నడవవు.

ల్యాబ్ సేవ మాత్రం మచ్చలేనిదా అంటే, అదీ కాదు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది బయోటిన్ అనే విటమిన్. జుట్టు, గోళ్ల కోసం వేసుకునే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. బయోటిన్, దానికి అతుక్కునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ జతను వాడే ల్యాబ్ యంత్రాల్లో ఇది పరీక్షనే పాడుచేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, థైరాయిడ్‌కి చూసే టీఎస్‌హెచ్, హెచ్‌సీజీ అసలు కంటే తక్కువగా, ఎస్ట్రడయోల్, ప్రొజెస్టరాన్ అసలు కంటే ఎక్కువగా వస్తాయి. సరిగ్గా తలకిందుల బొమ్మ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చి 2019లో మళ్లీ గుర్తు చేసింది. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపడం మంచిది. ఆపకపోతే శాంపిల్ తీసేవాళ్లకి చెప్పాలి. వాళ్లు అడగరు.

రెండోది యూనిట్లు. ల్యాబ్ మారితే పికోగ్రాములు పికోమోల్స్ అయిపోతాయి. ఎస్ట్రడయోల్‌ని 3.67తో, ప్రొజెస్టరాన్‌ని 3.18తో, అండాశయ నిల్వ చెప్పే ఏఎంహెచ్‌ని 7.14తో గుణిస్తే మోల్స్ లెక్క వస్తుంది. 1,500 ఉన్న ఎస్ట్రడయోల్ 5,500 అయిందని హడలిపోయే ముందు యూనిట్ చదవండి. యూనిట్ ఒకటే అయినా యంత్రం కంపెనీ మారితే అంకె మారుతుంది. అందుకే సైకిల్ మొత్తానికి ఒకే ల్యాబ్, వీలైనంత వరకు ఒకే సమయం.

మూడోది రోజుల లెక్క. "21వ రోజు ప్రొజెస్టరాన్" అన్నది 28 రోజుల సైకిల్‌కి రాసిన మాట. అసలు అర్థం అండం విడుదలైన ఏడో రోజు. 35 రోజుల సైకిల్ ఉన్నవాళ్లు 21వ రోజున ఇస్తే అండం అప్పుడే బయటికి వస్తుంటుంది, రిపోర్టు సున్నాకి దగ్గరగా వచ్చి అండం విడుదల కాలేదని ముద్ర పడుతుంది. వాళ్లకి 28వ రోజు సరైనది. ఇంటి మానిటర్‌కి ఇక్కడ చక్కటి పని ఉంది: ఎల్‌హెచ్ శిఖరం ఎప్పుడో అది చెబితే రక్తం ఇచ్చే తేదీ కచ్చితంగా పడుతుంది. ఆ ప్రొజెస్టరాన్ 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టు లెక్క.

పీరియడ్ రెండు, మూడు రోజుల్లో తీసే ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా ఒంటరిగా చదివేది కాదు. పక్కన ఎస్ట్రడయోల్ 80 దాటి ఉంటే అది ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణిచి మంచి అంకెలా చూపిస్తుంది. ఇంటి పుల్లలో వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్‌కీ ఇదే వర్తిస్తుంది, దాన్ని చూసి అండాశయ నిల్వ గురించి ఏ నిర్ణయానికీ రావొద్దు.

యోనిలో పెట్టే ప్రొజెస్టరాన్ వాడుతున్నవాళ్లకి రక్తంలో అంకె తక్కువ రావడం సహజం. మందు గర్భాశయానికి నేరుగా అందుతుంది, రక్తంలోకి వచ్చేది కొంతే. కండరానికి ఇంజెక్షన్ తీసుకునే ఇంకొకరి రిపోర్టుతో పోల్చుకుంటే లేని భయం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎవరు కొనాలి

ట్రిగ్గర్ లేకుండా మాత్రలతో మాత్రమే నడిచే సైకిల్స్, ఎల్‌హెచ్ చూసి పెట్టే ఐయూఐ, సహజ సైకిల్‌లో ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ ఈ మూడింటికీ అంకె చూపే మానిటర్ బాగా ఉపయోగపడుతుంది. ఐయూఐ మామూలుగా పుల్ల పాజిటివ్ వచ్చిన మర్నాడు పెడతారు కాబట్టి మధ్యాహ్నం వచ్చిందా, ఉదయం వచ్చిందా అన్నది గంటతో సహా చెప్పాలి. సహజ ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌లో పుల్ల పాజిటివ్ అంటే "ఈ రోజే రక్తం ఇవ్వడానికి రండి" అన్న పిలుపు. పిండం పెట్టే రోజును రక్తంలో ఎల్‌హెచ్, ప్రొజెస్టరాన్ చూశాక క్లినిక్ ఖాయం చేస్తుంది. చికిత్స మొదలుపెట్టకముందు రెండు సైకిల్స్ గ్రాఫు తీసుకెళ్లినా డాక్టర్‌కి పనికొస్తుంది, ముఖ్యంగా సైకిల్స్ క్రమం తప్పి వచ్చేవాళ్ల విషయంలో.

ఇంజెక్షన్లతో ఐవీఎఫ్, మందులతో ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటున్నవాళ్లు కొనక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఇంజెక్షన్లు మొదలైన రోజున యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ట్రాన్స్‌ఫర్ తర్వాత పీడీజీ రోజూ చూసుకునేవాళ్లున్నారు. కనబడేది మందు తాలూకు అంకె, అది గర్భం వచ్చిందీ రానిదీ చెప్పదు. చెప్పేది రక్తంలో చూసే బీటా హెచ్‌సీజీ. 5 లోపు నెగటివ్, 25 పైన పాజిటివ్, మధ్యలో వస్తే 48 గంటలాగి అదే ల్యాబ్‌లో మళ్లీ ఇవ్వాలి. మొదటి అంకె పెద్దదా చిన్నదా అన్నదానికంటే రెండో అంకె ఎంత పెరిగిందన్నదే చూస్తారు. 1,500 లోపు మొదలైన బీటా 48 గంటల్లో మొదటి అంకె మీద కనీసం ఇంకో సగమంత పెరగాలి, అంటే 100 ఉన్నది దాదాపు 150 కావాలి.

మిగిలిన పుల్లలు పారేయొద్దు. గడువు తేదీ దాటకపోతే తర్వాతి సైకిల్‌కి పనికొస్తాయి. కాకపోతే కొత్త పెట్టె కొన్నప్పుడు లాట్ నంబర్ వేరైతే, ఒకే సైకిల్ గ్రాఫులో పాత పుల్లలు కొన్ని, కొత్తవి కొన్ని కలపకండి. అంకెలో వచ్చిన తేడా పుల్లదో, మీదో తేలదు.